వద్దంటే వద్దని చెప్పండి, 'చూద్దాం' అనకండి

మొన్న మా తెలుగు స్టూడెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ఫోటో పెట్టారు. ట్రామ్ స్టాప్‌లో ఇద్దరు కుర్రాళ్లు, తెల్ల చొక్కా, టై, జేబు మీద పేరు రాసిన నల్ల పలక. కింద "మతం మార్చే బ్యాచ్ దిగింది, తలకి ఇంతని డాలర్లు కమీషన్ అంట, జాగ్రత్త" అని రాశారు. దానికి వరసపెట్టి నవ్వుల ఎమోజీలు. నేనేమీ అనలేదు. అనాల్సింది. ఆ ఫోటోలో పొడుగ్గా ఉన్నవాడు మా పై ఫ్లోర్‌లోనే ఉండేవాడు, వాడికి నేను చేసిన వెధవ పని ఒకటుంది, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ముందు కమీషన్ సంగతి తేల్చేద్దాం. వీళ్లు మోర్మన్ మిషనరీలు, అంటే తమ మతం గురించి చెప్పడానికి ఊరూరా తిరిగే ఒక చర్చి కుర్రాళ్లు. వీళ్లకి జీతం లేదు. అమెరికా నుంచి వచ్చినవాడైతే తనో, ఇంట్లోవాళ్లో నెలకి 500 డాలర్లు చర్చికి ఎదురు కడతారు. 2020 జులైకి ముందు అది 400. అబ్బాయిలైతే రెండేళ్లు, అమ్మాయిలైతే ఏడాదిన్నర. ఆ డబ్బంతా ఒకచోట వేసి, ఏ దేశంలో ఖర్చు ఎంతో చూసి నెలనెలా చేతికి కొంత ఇస్తారు. అంటే డబ్బు కట్టి మరీ వచ్చి మన చేత మొహం మీద తలుపు వేయించుకుంటున్నారన్నమాట. మా పొడుగోడిది అమెరికాలో ఐడహో రాష్ట్రం, బంగాళాదుంపలు పండించే ఇల్లు. ఈ రెండేళ్ల డబ్బు కోసం స్కూల్లో ఉన్నప్పట్నుంచీ వేసవి సెలవుల్లో పొలాల్లో నీటి పైపులు మోశాడట. వాడి జోడీ బ్రెజిల్ కుర్రాడు. పేర్లు రాయను. వాళ్లలో వాళ్లే పేరు పెట్టి పిలుచుకోరు, 'ఎల్డర్' అని పక్కన ఇంటిపేరు తగిలిస్తారు. ఎల్డర్ అంటే పెద్దాయన. పెద్దాయనకి పంతొమ్మిదేళ్లు, మీసం ఇంకా సరిగ్గా రాలేదు.

(మోర్మన్లు అంటే మీకు తెలుస్తుంది కాబట్టి ఆ మాట వాడుతున్నా. అలా పిలవొద్దని, పూర్తి పేరే వాడమని 2018లో వాళ్ల అప్పటి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ అన్నారు. పూర్తి పేరు 'యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము'. ప్రతిసారీ అదంతా రాస్తే మీరు ఇక్కడిదాకా కూడా చదవరు.)

మేముండేది కెమ్నిట్జ్‌లో, తూర్పు జర్మనీ ప్రభుత్వం కట్టించిన పాత కాంక్రీటు బిల్డింగుల్లో ఒకదాంట్లో. మతం గురించి మాట్లాడటానికి యూరప్‌లో ఇంతకంటే కష్టమైన చోటు ఉంటుందనుకోను. ఇక్కడ చాలామందికి దేవుడి మీద కోపం కూడా లేదు, అసలు ఆ ప్రశ్నే లేదు. విచిత్రం ఏంటంటే ఇదే రాష్ట్రంలో ఫ్రైబర్గ్‌లో వాళ్ల టెంపుల్ ఉంది, 1985లో, బెర్లిన్ గోడ ఉండగానే, కమ్యూనిస్టు ప్రభుత్వం అనుమతితో కట్టుకున్నారు. మిషనరీలని మాత్రం 1989 దాకా రానివ్వలేదు. ఈ కథ పొడుగోడు నాకు మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ కళ్లు మెరిశాయి.

రోజూ పొద్దున్న ఆరున్నరకి మా సీలింగ్ దబదబమని అదిరేది. వాళ్ల ఎక్సర్‌సైజ్ టైమ్ అది. తర్వాత చదువు, భాష, ప్రార్థన. పదింటికల్లా బయట పడాలి, రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకి తిరిగి రావాలి, పదిన్నరకి లైట్లు ఆపాలి. జోడీని వదిలి ఒంటరిగా ఎక్కడికీ పోకూడదు. ఇంటర్ హాస్టల్లో ఉన్నవాళ్లకి ఇది కొత్తేం కాదనుకోండి. కానీ మనకి హాస్టల్లో కనీసం నచ్చిన రూమ్మేట్ దొరికేవాడు. వీళ్లకి జోడీని కూడా పైనుంచే వేస్తారు, ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్ కబురు వస్తుంది. మా వాళ్లిద్దరికీ రెండు భాషలు కలవక, వచ్చీరాని జర్మన్‌లో పోట్లాడుకోవడం నేను విన్నాను. కోపం తీర్చుకోవడానికి వ్యాకరణం చాలక మధ్యలో ఆగిపోయేవాళ్లు, పాపం.

ఇక నా ఘనకార్యం. ఒక సోమవారం మెట్ల దగ్గర ఎదురుపడ్డారు. సోమవారం వాళ్లకి సొంత పనుల రోజు, చేతిలో బట్టల బుట్ట ఉంది. సాయంత్రం ఆరు దాకానే ఆ సెలవు, ఆ కాస్త టైమ్‌లోనే ఉతుకుడు, సరుకులు, అమ్మకి వీడియో కాల్. (2019 ఫిబ్రవరి దాకా ఆ కాల్ కూడా లేదు. మదర్స్ డేకి, క్రిస్మస్‌కి ఫోన్, మిగతా ఏడాదంతా ఈమెయిల్.) పొడుగోడు నవ్వుతూ అడిగాడు, ఈ వారం ఒక అరగంట మాట్లాడుకోవచ్చా అని. నాకు ఆసక్తి సున్నా. మా ఇంట్లో వెంకటేశ్వరస్వామి ఉన్నాడు, నాకు చాలు. ఆ ముక్క చెప్పడానికి నోరు రాలేదు. ఏమన్నానో తెలుసా? "తప్పకుండా, గురువారం ఆరింటికి రండి." మనకి వద్దనడం రాదు కదా. 'చూద్దాం' అంటాం, 'మళ్లీ కలుద్దాం' అంటాం, అవతలివాడు మనవాడైతే అందులో వద్దు అన్న మాట తనే వినేసుకుంటాడు. ఐడహో కుర్రాడు ఎలా వింటాడు? ఫోన్ తీసి రాసుకున్నాడు.

గురువారం వచ్చింది. ఆరు అయింది. నేను హాల్లో లైట్ ఆపేసి, సాక్సులతో, ఊపిరి బిగబట్టి తలుపు వెనకాల నిలబడ్డాను. బెల్ మోగింది. కన్నంలోంచి చూస్తే ఇద్దరూ టై సర్దుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. మామూలు కూత కాదు, పక్క బిల్డింగ్‌కి వినపడేంత. పప్పు పెట్టిన సంగతే మర్చిపోయాను. కదిలితే చప్పుడవుతుంది, కదలకపోతే రెండోది వస్తుంది. రెండోది వచ్చింది. మూడోది కూడా. బయట ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒక నిమిషం ఆగి, మెట్లు దిగి వెళ్లిపోయారు. పైకి కాదు, కిందకి, వర్షంలోకి. తొమ్మిది కాకుండా ఇంటికి పోకూడదు కదా.

శనివారం నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న వాషింగ్ మెషీన్ వచ్చింది. వ్యాన్‌వాడు కింద దించేసి పోయాడు. లిఫ్ట్ లేదు, మూడో ఫ్లోర్. నేను దాని చుట్టూ తిరుగుతుంటే ఇద్దరూ గేటు తీసుకుని వచ్చారు. చూసీ చూడనట్టు పోవచ్చు, నేనైతే పోయేవాణ్ణే. టైలు భుజం మీదకి వేసుకుని చెరో పక్క పట్టుకున్నారు. రెండో ఫ్లోర్ మలుపులో ఆయాసం తీర్చుకుంటూ పొడుగోడు అడిగాడు: "గురువారం మీ ఇంట్లోంచి ఏదో అలారం మోగింది, మీరు ఇంట్లో లేరు, అంతా బాగానే ఉందా?" వెటకారం కాదండీ. నిజంగానే కంగారుపడ్డాడు.

పైకొచ్చాక మజ్జిగ ఇచ్చాను. టీ, కాఫీ తాగరు, వాళ్లకి నిషేధం. టర్కీ షాపులో దొరికే 'ఐరాన్' అనే పెరుగు పానీయంలో నీళ్లు కలిపి అల్లం, పచ్చిమిర్చి దంచి వేస్తే మన మజ్జిగే. బ్రెజిల్ కుర్రాడు రెండు గ్లాసులు లాగించాడు. అప్పుడు తెలిసింది ఆ వారం సంగతి. మంగళవారం మీటింగ్ కోసం పొద్దున్నే రైలెక్కి వేరే ఊరు. బుధవారం ఉచిత ఇంగ్లిష్ క్లాస్, వచ్చింది ముగ్గురు. గురువారం సాయంత్రం ఒక ముసలావిడ నిజంగానే వాళ్లని రమ్మంది, ఆరింటికే. నాకు మాటిచ్చారు కాబట్టి ఆవిడని శుక్రవారానికి మార్చారు. శుక్రవారం ఆవిడ కూతురు ఫోన్ చేసి ఇంక రావొద్దంది. ఇది నన్ను తప్పుబడుతూ చెప్పలేదు, వారం ఎలా గడిచిందని అడిగితే వరసగా చెప్పుకొచ్చాడు, అంతే. నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

నేను హైదరాబాద్‌లో ఉన్నప్పుడు అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌కి మూడు నెలలు కరపత్రాలు పంచాను. తీసుకోను అని చెయ్యి ఊపేవాళ్ల మీద నాకెప్పుడూ కోపం రాలేదు. తీసుకుని, నవ్వి, మూడడుగులు వేసి నా కళ్ల ముందే పారేసేవాళ్లుంటారే, సాయంత్రానికి కాళ్లు పీకేది వాళ్ల వల్లే. అంత తెలిసి కూడా నేను అదే పని చేశాను.

వాళ్ల చర్చి మీద కూడా నాకు కోపం ఉంది, దాచను. ప్రతి వారం చివర లెక్క పంపాలి: కొత్తగా ఎంతమందికి చెప్పారు, ఎంతమంది ఆదివారం చర్చికొచ్చారు, ఎంతమంది బాప్తిస్మానికి తేదీ ఇచ్చారు. మా పొడుగోడి లెక్కల్లో ఎక్కువ వారాలు సున్నాలే. ఊళ్లో ఎవరికీ అక్కర్లేని సరుకు చేతికిచ్చి పంపి, అమ్ముడుపోకపోతే నా విశ్వాసమే చాల్లేదేమో అని పంతొమ్మిదేళ్లవాడు రాత్రి పూట అనుకునేలా చేయడం ఏం పద్ధతి? వాడే అన్నాడు ఆ మాట, విశ్వాసం గురించి, మెల్లగా. ఇంటికి పోవచ్చు కదా అన్నాను. మధ్యలో వచ్చేస్తే ఊళ్లో ఎలా చూస్తారో చెప్పాడు. అది మాత్రం నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఎమ్మెస్ సగంలో వదిలేసి వచ్చినవాణ్ణి పెళ్లి భోజనాల దగ్గర మనవాళ్లు చూసే చూపు నాకు తెలుసు.

ఇంకో మాట, గ్రూపులో నవ్వినవాళ్లకి. ఇది అమెరికావాళ్ల గోల మాత్రమే అనుకోకండి. ఇండియాలో వాళ్ల మొదటి 'స్టేక్', అంటే కొన్ని సంఘాలు కలిపిన జిల్లా లాంటిది, ఏర్పడింది 2012లో మన హైదరాబాద్‌లోనే. రాజమండ్రిలో, విశాఖలో కూడా వాళ్ల సంఘాలున్నాయి. ఆ నల్ల పలక పెట్టుకుని తిరిగే తెలుగు పిల్లలూ ఉన్నారు. పొడుగోడు ఆ రోజు ఫోన్‌లో వాళ్ల గ్రంథం తెలుగులో తెరిచి చూపించాడు, ఒక్క అక్షరం చదవడం రాకపోయినా ఏదో బహుమతి ఇస్తున్నట్టు పట్టుకుని.

అప్పుడు చెప్పాను. "తమ్ముడూ, నాకు ఆసక్తి లేదు. ఈ వారం కాదు, వచ్చే వారం కూడా కాదు. గురువారం నేను ఇంట్లోనే ఉన్నాను. అది అలారం కాదు, పప్పు." వాడు ఒక క్షణం చూసి పగలబడి నవ్వాడు. ఫోన్ తీసి నా పేరు కొట్టేశాడు. థాంక్యూ అన్నాడు, మొక్కుబడికి అన్నట్టు లేదు. ఇంకేమైనా మోయాల్సినవి ఉన్నాయా అని అడిగి వెళ్లారు.

తర్వాతి ట్రాన్స్‌ఫర్‌లో పొడుగోణ్ణి వేరే ఊరికి వేశారు. రెండు సూట్‌కేసులు, మెట్ల మీద దడదడ, అయిపోయింది. వాడి స్థానంలో కొత్తవాడొచ్చాడు, ఇంకా చిన్నవాడు, చొక్కా మడతలు కూడా పోలేదు. పోయిన వారం బెల్ కొట్టాడు. లైట్ ఆపలేదు, తలుపు తీశాను.

"నాకు ఆసక్తి లేదు. మజ్జిగ ఉంది, తాగుతారా?"