‘మొత్తం బోర్డే మార్చాలి’

దేవరకొండ దిక్కు రైతు బోరు మోటారు కాలితే పైకి తీయించి, ఆటోలో వేసుకొని వైండింగ్ షాపుకు పోతాడు. మెకానిక్ కాలిన తీగ తీసేసి కొత్త రాగి తీగ చుట్టి, బేరింగులు మార్చి ఇస్తాడు. అందుకు ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. అదే రైతు ఇంట్లో టీవీ ఆగితే కథ వేరు. చిన్న భాగం పోయినా ‘మొత్తం బోర్డే మార్చాలి’ అంటారు. దాని ధర విన్నాక కొత్త టీవీయే నయమనిపిస్తుంది. అలా అనిపించేలానే లెక్క వేశారని మా అనుమానం.

మన దగ్గర పనితనానికి కరువు లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో సెల్‌ఫోన్ బాగుచేసే యువకులకు దొరకనివి సర్క్యూట్ పటం, అసలు విడిభాగాలు. కొన్ని ఫోన్లకైతే అదే మోడల్ స్క్రీన్ తెచ్చి బిగించినా, కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటే తప్ప సరిగా పనిచేయదు. ఇక సర్వీస్ సెంటర్ కోసం అచ్చంపేట నుంచి హైదరాబాద్ పోయి రావాలంటే బస్సు చార్జీలతో పాటు ఒక రోజు కూలి కూడా పోయినట్టే.

బయటి రిపేర్లతో బ్యాటరీలు పేలతాయని కంపెనీల వాదన. నకిలీ బ్యాటరీ ప్రమాదమే, కాదనం. అసలుది బయట అమ్మకుండా దాచి, నకిలీది వాడొద్దని హెచ్చరించడం ఎక్కడి న్యాయం?

కొన్న వస్తువును మనకు నచ్చిన చోట బాగుచేయించుకునే వీలునే రిపేరు హక్కు అంటారు. కేంద్రం 2022 జూలైలో దీనిపై కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలోకి వచ్చాయి. ఆ డిసెంబరులోనే పోర్టల్ తెరిచారు. అందులో రిపేరు, విడిభాగాల వివరాలు పెట్టడం కంపెనీల ఇష్టం. ఏ వస్తువు రిపేరుకు ఎంత అనువో మార్కులతో చెప్పే సూచీపై 2025 మేలో మరో కమిటీ నివేదిక ఇచ్చింది. పెట్టె మీద మార్కులు వేసినంత మాత్రాన విడిభాగం చేతికి రాదు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2025 జూన్ 20 నుంచి, ఒక మోడల్ ఫోన్ అమ్మకం ఆగాక కూడా ముఖ్యమైన విడిభాగాలు ఏడేళ్లు దొరకాల్సిందే. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2024లో చట్టం చేసి, విడిభాగాలకు సాఫ్ట్‌వేర్ తాళం వేయడాన్నే నిషేధించింది. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో రిపేరు హక్కు అన్న మాటే లేదు.

ఇప్పుడు పొలాల్లోకి, ఫోన్‌తోనే మోటారును నడిపే మొబైల్ స్టార్టర్లు వచ్చాయి. మోటారును తిరిగి చుట్టగల మెకానిక్ దాని స్టార్టర్ బోర్డు ముందు చేతులెత్తేయాల్సి వస్తే నీళ్లందక ఎండేది వరి. కమిటీ వేసి ఇన్నేళ్లయినా బిల్లు ఎందుకు రాలేదో నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీలు పార్లమెంటులో అడగాలి. వ్యవసాయ పరికరాలనే ముందు వరుసలో పెట్టమనాలి.