తోడు దొరకడమే వింతైన చోటు
అమెరికా రచయిత స్టైన్‌బెక్ నవల 'ఆఫ్ మైస్ అండ్ మెన్' (1937) ఇద్దరి స్నేహం కథేనని, 1930ల ఆర్థిక మాంద్యం వట్టి నేపథ్యమని నేను చదివిన ఒక వ్యాసంలో అన్నారు. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆ ఇద్దరు కూలీలు, జార్జి, లెన్నీ కలిసి పనికి వస్తేనే పశువుల క్షేత్రం యజమానికి అనుమానం, వీడి జీతం నువ్వు కాజేస్తున్నావా అని ముఖం మీదే అడిగేస్తాడు. కూలి కోసం ఊరూరా తిరిగే చోట తోడు ఉండటమే అంత వింత మరి! అక్కడే పనిచేసే ముసలి క్యాండీనే చూడండి. చెయ్యి పోయినందుకు ఇచ్చిన 250 డాలర్లు, దాచుకున్న మరో 50 కలిపి, నిన్నగాక మొన్న వచ్చిన ఈ ఇద్దరికీ, వాళ్లు కొనాలని కలగనే చిన్న పొలం కోసం ఇచ్చేస్తానంటాడు. పనికిరాదని తన కుక్కని కాల్చేశాక, రేపు తన గతేమిటన్న భయం అది. స్నేహం అంటే నేనొప్పుకోను. గుర్రాలశాలలో పనిచేసే క్రూక్స్‌ది ఇంకా ఘోరం. నల్లవాడని అందరూ దూరం పెట్టడంతో, గుర్రపు సామాన్ల గదిలో పుస్తకాలతో ఒంటరిగా ఉంటాడు. తిండి పెడితే చాలు, జీతం లేకుండా మీ పొలంలో పనిచేస్తానని మొహమాటపడుతూ అడుగుతాడు. యజమాని కోడలు వచ్చి బెదిరించాక, అదే రాత్రి ఆ మాట వెనక్కి తీసుకుంటాడు. ఆ ఘట్టం గురించి వ్యాసంలో ఒక్క ముక్కా లేదు.