వడ్రంగి ఒక్కడి వల్ల అయ్యే పనేనా? అయింది

ఏటా నవంబరు 8 దగ్గరపడేసరికి ఒక వాదన మళ్లీ చేతులు మారుతుంటుంది. 1939లో ఆ రోజున, హిట్లర్ ఏటా ప్రసంగించే మ్యూనిక్ బీరు హాల్లో, అతన్ని చంపడానికి పెట్టిన బాంబు నాజీలే ఆడించిన నాటకమట. అది పెట్టిన గెయోర్గ్ ఎల్జర్ ఎస్.ఎస్. (నాజీల సాయుధ దళం) మనిషట. రుజువులేమిటయ్యా అంటే మూడు ప్రశ్నలు: మామూలు వడ్రంగికి అంత పని ఎలా వస్తుంది? హిట్లర్ సరిగ్గా 13 నిమిషాల ముందే ఎలా లేచి వెళ్లాడు? పట్టుబడ్డవాణ్ణి అయిదేళ్లు చంపకుండా ఎందుకు ఉంచారు?

మొదటి ప్రశ్నే అసలైంది. మిగతా రెండూ దాని తోకలు.

ఎల్జర్ 1903లో పుట్టాడు, వుర్టెంబర్గ్‌లోని క్యోనిగ్స్‌బ్రోన్‌లో పెరిగాడు. కలప పనివాళ్ల యూనియన్‌లో సభ్యుడు. 1933 దాకా ఓటు కమ్యూనిస్టులకే. వడ్రంగం నేర్చినవాడు, కాన్‌స్టాన్స్‌లో గడియారాల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు, తర్వాత హైడెన్‌హైమ్‌లో ఆయుధాల ఫ్యాక్టరీలో కుదిరినవాడు. బాంబుకు కావలసిన మూడు విద్యలూ ఈ కూలి పనుల్లోనే ఉన్నాయి కదా! మందుగుండు ఆ ఫ్యాక్టరీ నుంచి కొంచెం కొంచెంగా తెచ్చాడు. అది చాలదని 1939 వసంతంలో సొంతూరి రాతి క్వారీలో కూలికి చేరి, పేలుడు గొట్టాలూ డిటోనేటర్లూ పోగేశాడు.

ఆగస్టులో మ్యూనిక్‌లో గది అద్దెకు తీసుకున్నాడు. సాయంత్రం ఆ బీరు హాల్లోనే చౌక భోజనం. తర్వాత పై వసారాలోని సామాన్ల గదిలో నక్కి ఉండి, తలుపులు మూశాక వేదిక వెనక స్తంభం దగ్గరికి దిగడం. ఇలా 30కి పైగా రాత్రుళ్లు. టార్చికి నీలం చేతిరుమాలు చుట్టుకున్నాడు. స్తంభానికి ఉన్న చెక్క పలకను కోసి, మూస్తే కనబడని తలుపు చేశాడు. లోపల ఇటుకను ఉలితో తొలవడం మొదలుపెట్టాక చప్పుడే పెద్ద సమస్యయింది. మరుగుదొడ్లలో నీళ్లు కొన్ని నిమిషాలకోసారి వాటంతటవే వదిలేవి. గట్టి దెబ్బ వేయాల్సినప్పుడల్లా ఆ నీళ్ల హోరు కోసం కాచుకున్నాడు. రాలిన పొడిని పెట్టెలో మోసుకుపోయి ఈసార్ నదిలో పారబోశాడు. గడియారం టిక్కుటిక్కు వినబడకుండా లోపల బెండు అతికించాడు. ఎవరైనా మేకు కొడితే తగలకుండా తలుపు వెనక రేకు బిగించాడు. సిబ్బంది సాయం ఉన్నవాడికి ఇంత అవస్థ దేనికి?

ఇక మోకాళ్లు. రాత్రుళ్లు నేల మీద మోకరిల్లి పనిచేయడంతో అవి పుండ్లుపడి చీముపట్టాయి. అనుమానమొచ్చి విచారణాధికారులు ప్యాంటు పైకెత్తించినప్పుడు బయటపడింది అదే. అతని దగ్గర డబ్బూ మిగల్లేదు. పేలుడుకు రెండు రోజుల ముందు స్టుట్‌గార్ట్‌లో అక్కచెల్లెళ్లలో ఒకామె ఇంటికెళ్లి 30 మార్కులు తీసుకున్నాడు. ఆ మర్నాడు రాత్రి మళ్లీ మ్యూనిక్ వచ్చి, స్తంభానికి చెవి ఆనించి గడియారం నడుస్తోందని చూసుకుని మరీ సరిహద్దు దారి పట్టాడు. సర్కారు ఖజానా వెనక ఉన్నవాడి నడక కాదిది.

13 నిమిషాల సంగతి రెండు మాటల్లో. పొగమంచు వల్ల విమానం ఎగురుతుందన్న నమ్మకం లేదు. హిట్లర్ రాత్రికే బెర్లిన్ చేరాలి, రైలు 9:31కి. అందుకే ప్రసంగం ముందే మొదలెట్టి 9:07కి ముగించాడు. బాంబు 9:20కి పేలింది. సభ ఏటా జరిగినట్టే జరిగుంటే మనమెవరమూ బతికుండేవాళ్లం కాదని హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ తన డైరీలో రాసుకున్నాడు. సొంత డైరీ ముందు నాటకం ఎవరికోసం?

ఒకటి ఒప్పుకోవాలి. ఆ పేలుడులో 8 మంది పోయారు, వాళ్లలో అక్కడ పనిచేసే వెయిట్రెస్ ఒకామె. ఎల్జర్‌ను తలకెత్తుకునేవాళ్లు ఆమెను దాటేయడం నాకు నచ్చదు.

మూడో ప్రశ్న, అంటే అయిదేళ్లు చంపకుండా ‘మేపారు’ అన్న మాట. సాక్సెన్‌హౌసెన్ క్యాంపులో ఎల్జర్‌ను విడి గదిలో ఉంచారు, పనిబల్ల ఇచ్చారు, అతను అక్కడే జితార్ అనే తీగల వాద్యం చేసుకున్నాడు. నిజమే. అది చూసిన తోటి ఖైదీలు మరోలా అనుకున్నారు. పాస్టర్ మార్టిన్ నీమొల్లర్ కూడా నాజీల చెరలో ఏళ్లు మగ్గినవాడే. అతని పెద్దరికం తోడవడంతోనే, 1946లో అతను ఎల్జర్‌ను ఎస్.ఎస్. వాడనడం జనంలో పాతుకుపోయింది. బతికించి ఉంచడానికి కారణం వేరే: యుద్ధం గెలిచాక పెద్ద విచారణ నడిపి బ్రిటన్‌ను బోనెక్కించాలని. పేలుడు మర్నాడే డచ్చి సరిహద్దులో, వెన్లోలో, ఇద్దరు బ్రిటిష్ గూఢచారి అధికారుల్ని ఎత్తుకొచ్చి, ఇదంతా వాళ్ల పనేనని ఊదరగొట్టారు.

తమాషా చూడండి. గోబెల్స్ లండన్ చేయించిందన్నాడు, నీమొల్లర్ ఎస్.ఎస్. చేయించిందన్నాడు. బద్ధశత్రువులు ఇద్దరూ కలిసింది ఒక్కచోటే: కూలివాడు సొంతంగా ఆలోచించి ఉండడు.

నాజీల రహస్య పోలీసు గెస్టపో మాత్రం లోపల ఆ మాట అనలేదు. 1939 నవంబరు 19 నుంచి 23 దాకా బెర్లిన్‌లో సాగిన విచారణ కాగితాలు 1964లో దొరికాయి. బయటి జనం కోసం రాసినవి కావవి. అందులో ఉన్నది ఒంటరి మనిషి పథకమే. కారణాలూ అతను కూలీ లెక్కలోనే చెప్పాడు: 1929లో వడ్రంగికి గంటకు ఒక మార్కు వచ్చేది, ఇప్పుడు 68 ఫెనిగ్‌లే (నూరు ఫెనిగ్‌లు ఒక మార్కు). దానిపైన, ముంచుకొస్తున్న యుద్ధం. ఇంకా ఎక్కువ రక్తం పారకుండా ఆపాలనుకున్నానన్నాడు.

1945 ఏప్రిల్ 5న గెస్టపో అధిపతి మ్యూలర్ పేరుతో, ఎల్జర్‌ను అప్పటికి మార్చిన దాకావ్ క్యాంపుకు ఉత్తరం వెళ్లింది: ‘ఎల్లర్’ (ఎల్జర్‌కు పెట్టిన మారుపేరు) అనే ఖైదీని చడీచప్పుడు లేకుండా ముగించండి, విమాన దాడిలో పోయాడని చెప్పండి. ఏప్రిల్ 9న కాల్చేశారు. అమెరికా సైన్యం దాకావ్ చేరింది ఆ నెల 29న.