ఆఫ్ గ్యాసింగ్

(విజయవాడ, పటమట. మూడో అంతస్తు. పడగ్గదిలో వినైల్ పలకలు అతికించిన మర్నాడు పొద్దున ఆరున్నర.)

ఆవిడ: ఏవండీ, సిలిండర్ అయిపోయిందా? పొయ్యి వెలగట్లేదు.

ఆయన: నేనే కట్టేశాను. మూడ్రోజులు వెలిగించకూడదు.

ఆవిడ: ఎవరు చెప్పారు?

ఆయన: షోరూం కుర్రాడు. "మూడ్రోజులు ఆఫ్ గ్యాసింగ్ ఉంటాది సార్" అని రెండుసార్లు చెప్పాడు.

ఆవిడ: అంటే గ్యాసు ఆఫ్ చెయ్యమనా?

ఆయన: మరి ఆన్ చెయ్యమనా?

ఆవిడ: జిగురులోంచి ఆవిర్లు బయటికొస్తూనే ఉంటాయని అండీ మహానుభావా! ముప్ఫయ్యేళ్ళు బ్యాంకులో సంతకాలన్నీ ఇలాగే పెట్టారా?

ఆయన: ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఆవిడ: చదివినవాళ్ళు లేక. సరే, కాఫీ?

ఆయన: ఇండక్షన్ ఉందిగా.

ఆవిడ: ఉంది. దాని మీదికి పనికొచ్చే గిన్నె మీ చెల్లెలింట్లో ఉంది.

ఆయన: (కళ్ళు నులుముకుంటూ) ఏసీ పదహారులో పెట్టాను, ఫ్యాను ఐదులో పెట్టాను, దుమ్ము రాకుండా కిటికీ బిగించాను. అయినా వాసన పోదేమే?

ఆవిడ: ఎలా పోతుంది? మన స్ప్లిట్ ఏసీ బయటి గాలి లాగదు. నిన్నటి పులుసే మళ్ళీ మళ్ళీ వడ్డించినట్టు, ఉన్న గాలినే తిప్పి మీ మొహాన కొడుతుంది.

ఆయన: మరి నువ్వు గిన్నెలో ఉల్లిపాయ ముక్కలు పెట్టావుగా!

ఆవిడ: మీ అక్కయ్య పెట్టమంది. అవేం పీల్చవు. ఇప్పుడు జిగురూ ఉల్లీ కలిసి కంపు. లేవండి, కిటికీ తీసి టేబుల్ ఫ్యాను పెట్టండి. మొహం బయటికి.

ఆయన: గాలి మనకి రావాలి గానీ వీధికెందుకు?

ఆవిడ: ఆవిరిని తొయ్యడానికి. హాలు బాల్కనీ తలుపు తీస్తే అటునుంచి మంచి గాలి వస్తుంది. ఫ్యాను చుట్టూ సందుల్లో అట్టముక్కలు పెట్టండి, లేకపోతే తోసిన గాలే పక్కనించి తిరిగొస్తుంది. పిల్లల గది తలుపు మూసి, కింద తడి తువ్వాలు కుక్కండి.

ఆయన: కరోనా నాటి ఎన్95 పెట్టుకోనా?

ఆవిడ: అది దుమ్ముకి. ఆవిరి అందులోంచి హాయిగా నడిచొస్తుంది. దీనికి బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి.

ఆయన: అయినా ఇప్పుడేం వాసన రావట్లేదే!

ఆవిడ: ముక్కు అలవాటు పడిపోయింది. కాసేపు కిందికెళ్ళి వచ్చి చూడండి, తెలుస్తుంది. అసలు తప్పంతా మీదే. జిగురు పూశాక వేలికి అంటనంతగా ఆరాకే పలక వెయ్యాలని డబ్బా మీదే ఉంది, పది పదిహేను నిమిషాలు. మీరేమో నెత్తిన నిలబడి "కానీ, కానీ" అన్నారు. తడి మీదే పలకలు పడ్డాయి. ఇరుక్కున్న టోలుయీన్, అదే జిగురులో ఉండే ఆవిరయ్యే రసాయనం, వినైల్ లోంచి పోలేక ఇక అంచుల్లోంచి రోజుల తరబడి తీరుబడిగా వస్తుంది.

ఆయన: కూలీ దండగని...

ఆవిడ: ఇప్పుడు హోటల్ దండగ. ఉండండి, దేవుడి దగ్గర దీపం పెట్టొస్తాను.

ఆయన: ఆగు! అగ్గిపెట్టె అక్కడ పెట్టు. డబ్బా మీద మంట బొమ్మ కూడా ఉంది. ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది. నిప్పు తగిలిందంటే గుప్పున అంటుకుంటుంది.

ఆవిడ: (అగ్గిపెట్టె కింద పెట్టి) ...అంటే గ్యాసు కట్టెయ్యడం...

ఆయన: చెప్పు, చెప్పు.

ఆవిడ: గుడ్డివాడి రాయి తగిలింది, అంతే. ఇంతకీ ఆ డబ్బా ఏది?

ఆయన: మంచం కింద. అర లీటరు మిగిలింది, పనికొస్తుందని దాచాను. మూత దొరక్క గుడ్డ కుక్కాను.

(చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

ఆవిడ: రాత్రంతా మన తలకింద తెరిచిన డబ్బానా?

ఆయన: తల కింద కాదు, కాళ్ళ వైపు.

ఆవిడ: గుడ్డ కూడా తడిసే ఉంటుంది. డాబా మీద నీడలో పరిచి రండి. బాల్కనీలో వద్దు, మంచి గాలి అటునుంచే రావాలి. మిగిలిన జిగురు సింకులో పోసేరు! మూత వెతికి బిగించి షోరూం కుర్రాడికే ఇచ్చెయ్యండి.

ఆయన: డాబా అంటే ఇంకో రెండంతస్తులు ఎక్కాలే. మోకాళ్ళు...

ఆవిడ: తెలుసు, ఇటివ్వండి. మీరు కిందికి దిగి కాఫీలు తెండి. మీదాంట్లో చక్కెర వద్దని చెప్పండి. అన్నట్టు, రాత్రికి మీ దిండు హాల్లో వేశాను.

ఆయన: నీది?

ఆవిడ: పక్కనే. మూడ్రోజులూ ఆఫ్ వంటింగ్. మళ్ళీ దేన్నీ కట్టెయ్యకండి!