‘ఒక సైజు ఎక్కువే తీసుకో’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఒక సైజు ఎక్కువే తీసుకో’ గారి సముఖానికి, తిరుపతి నుంచి మీ వంశపారంపర్య భక్తురాలు రాయునది. ఉభయకుశలోపరి.

మా అవ్వ కాలం నుంచీ మా ఇంట్లో ఉన్న కాళ్లకు చెప్పులు కొన్నది లేదు, రాబోయే కాళ్లకే కొన్నాం. జూన్ వచ్చిందంటే గాంధీ రోడ్డు అంగట్లో మీ మాటే వేదం. బూటు ముందుభాగం బొటనవేలితో నొక్కి, "జాగా ఉందిలే, రెండేండ్లు వస్తుంది" అనేది మా అమ్మ. మిగిలిన జాగాలో దూది కుక్కేది. మొదటి ఏడు ఆ బూట్లలో దూది బడికి పోయేది, రెండో ఏడు నేను, మూడో ఏడు మా తమ్ముడు.

ఇప్పుడొక చిక్కు వచ్చింది. మా పాప చెన్నైలో బ్యాలే నేర్చుకుంటోంది. (ఊళ్లోనే సంగీత నృత్య కళాశాల ఉంది కదా అనకండి. కూచిపూడికి గజ్జెలు చాలు, జోళ్ల ప్రసక్తే లేదు. అక్కడ మీకేం పని?) టీచరమ్మ డెమీ పాయింట్ షూ కొనమంది. వేళ్ల కొసల మీద నిలబడే పాయింట్ షూకు ఇది ముందు మెట్టు. పైన అదే శాటిన్, వేళ్ల చుట్టూ అదే గట్టి డబ్బా. అడుగున పాదాన్ని మోసే గట్టి పట్టీ మాత్రం ఉండదు. ఆ పని పాదమే చేయాలి, చేసి చేసి బలపడాలి. ఇది తొడుక్కుని మాత్రం కొసల మీదికి లేవనే కూడదు.

పాప తొడుక్కుంది. నా బొటనవేలు దానంతటదే షూ ముందుకు పోయింది. టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కన పెట్టింది. "పెరిగే జాగా వద్దమ్మా!"

అయ్యా, విన్నారా? వేళ్లు ముడుచుకోకుండా బారుగా పరుచుకోవాలట, పక్కల నొక్కకూడదట, మడమ దగ్గర గుడ్డ సంచిలా వేలాడకూడదట. వదులైతే పాదం లోపల జారిపోతుంది, పట్టు కోసం వేళ్లు ముడుచుకుంటాయి, చీలమండ పక్కకు వాలుతుంది. బడి బూటు సైజు చెబితే నవ్వింది. కంపెనీకొక లెక్కట, తొడిగి చూడాల్సిందేనట. పైగా కొన్న జతకు కుడీ ఎడమా లేవు! తిరగేసి తొడుక్కున్నందుకు చిన్నప్పుడు నేను తిన్న మొట్టికాయలు ఎవరికి చెప్పుకోను? రిబ్బన్లు కూడా మనమే కుట్టుకోవాలి.

1832లో పారిస్‌లో మారీ టాల్యోని అనే బ్యాలే నర్తకి వేళ్ల కొసల మీద ఆడినప్పుడు ఈ డబ్బా కూడా లేదట, మెత్తటి శాటిన్ జోళ్లకు దారంతో కుట్లు వేసి బిగించుకున్నదట. ఇది చెబితే మా అమ్మ వెంటనే అడిగింది: "దూది పెట్టుకోలేదా?"

పాపకు పదకొండేళ్లు, పాదం ఊరుకోదు. బిగుతైతే ఈ జత పక్కన పడేయాల్సిందే. శాటిన్ జోళ్లు బడికి తొడగలేం, కింది వాడికి దించుదామంటే ఇప్పటినుంచే దండం పెడుతున్నాడు. కాబట్టి ఒకే మనవి: రెండో జత బిల్లు మీ పేరున రాయించమంటారా?

ఇట్లు,
మీ విధేయురాలు