ఆ టచ్ ప్యానెల్‌తో విసుగొచ్చింది

మీటింగ్ గదిలో వీడియో కాల్ నడపాలంటే ఆ టచ్ ప్యానెలే దిక్కు. మీటింగ్ టైమైనా అందరం బల్ల చుట్టూ కూర్చుని దాని వైపే చూస్తుంటాం. మీటింగ్ ఇన్వైట్‌లో మనుషులతో పాటు ఆ గదిని కూడా చేర్చలేదా, దాని మీద జాయిన్ బటనే రాదు. ఆ పొడవాటి మీటింగ్ ఐడీని ఒక్కో అంకే నొక్కుకుంటూ పోవాలి.

మ్యూట్ సంగతి మరీ ఘోరం! ప్యానెల్‌లో ఒకటి, బల్ల మీది మైకుకి ఇంకొకటి. ఏది ఆన్‌లో ఉందో తేలేలోపు అవతలివాళ్లు "వినబడట్లేదండీ" అంటూనే ఉంటారు. రిమోట్ అయితే చూడకుండా తడిమినా బటన్ దొరికేది. ఇక్కడ సౌండ్ తగ్గించాలన్నా మాట ఆపి స్క్రీన్‌లోకి తల దూర్చాలి. నెట్‌వర్క్ తెగి ప్యానెల్ మొరాయిస్తే, కెమెరా, స్పీకర్లు బాగానే ఉన్నా చేసేదేమీ ఉండదు. మ్యూట్‌కీ సౌండ్‌కీ అయినా మామూలు బటన్లు పెట్టండి బాబూ!