ట్రెక్కింగ్ గ్రూపు పోల్ గారికి, ఓటేసి వచ్చినవాడు రాయునది

మహారాజశ్రీ గ్రూపు పోల్ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని ఉంది గానీ, ఇక్కడ పిక్కలు పట్టేసి మంచం దిగలేకుండా ఉన్నాను. తమరు మాత్రం వాట్సాప్ గ్రూపులో అందరికంటే పైన పిన్ అయి, పచ్చగీతతో నిగనిగలాడుతున్నారు. ‘వంజంగి కొండ మీద నుంచి మేఘాలు చూద్దాం. శనివారం అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకి ఎన్ఏడీ జంక్షన్ దగ్గర. ఎవరెవరు వస్తున్నారు?’ ‘వస్తా’ కింద పన్నెండు ఓట్లు. ఇప్పటికీ పన్నెండే ఉన్నాయి. రానివాళ్ళు సిగ్గుపడి తీసేసుకుంటారేమో అని పొద్దున్నుంచి చూస్తున్నాను. అబ్బే.

విజయవాడ నుంచి విశాఖపట్నానికి బదిలీ మీద వచ్చినవాణ్ణి. మా వైపు కొండంటే ఇంద్రకీలాద్రి. మెట్లెక్కడం, అమ్మవారికి దణ్ణం పెట్టుకోవడం, ప్రసాదం తిని దిగిపోవడం. ఇక్కడేమో ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు, ఊరిని ఆనుకునే కంబాలకొండ అడవి. ఇంటి ఓనరు, పాలబ్బాయి తప్ప తెలిసిన మొహం లేదు. ఆఫీసులో ఒకాయన జాలిపడి నన్ను ఈ గ్రూపులో పడేశాడు. తమరి ప్రథమ దర్శనం అక్కడే. తొట్లకొండ మీద నుంచి సాయంత్రం సముద్రం చూద్దామా? ఓట్లే ఓట్లు. భీమిలి రోడ్డు మీద సైకిళ్ళు తొక్కుదామా? అంతకంటే ఎక్కువ. లంబసింగి చలి? ఇక చెప్పక్కర్లేదు. నెల తిరక్కుండానే ఇంతమంది ఫ్రెండ్సు అయ్యారని మా అమ్మకి ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను.

తమరి మాట నమ్మే కదా పన్నెండు సీట్ల టెంపో మాట్లాడింది! ఒంటిగంటకి ఎన్ఏడీ ఫ్లైఓవర్ కింద ఎవరున్నారో మనవి చేసుకుంటాను. నేను. గాజువాకలో మందుల షాపు నడిపే కుర్రాడు. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ బ్యాంకులో చేస్తున్న అమ్మాయి. స్టీల్ ప్లాంటులో రిటైరైన ఒక పెద్దాయన, మోకాలికి పట్టీ, చేతిలో ఫ్లాస్కు. డ్రైవరు టార్చి వేసి లోపల తలలు లెక్కపెట్టి, “ఏటండీ, ఇంతేనా? ఇంకా ఎవులైనా వత్తారేటి?” అన్నాడు. వస్తారండీ, పోల్‌లో పెట్టారు అన్నాను. “పోలేటి?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తమరి దగ్గరుంటే చెప్పండి.

ఇక అక్కణ్ణించి మొదలు. ‘ఆన్ ద వే’ అన్నవాడి వే ఏ జిల్లాలో ఉందో ఇంతవరకూ తెలియదు. ‘ఫైవ్ మినిట్స్ బ్రో’ అన్నవాడి అయిదు నిమిషాలు ఇంకా అవుతూనే ఉన్నాయి. ముప్ఫై దాటిన గడ్డపాయన వాళ్ళమ్మ వద్దందని మెసేజీ పెట్టాడు. ఇంకొకాయన ఫోన్ రింగవగానే కట్ చేశాడు, అంటే మెలకువగానే ఉన్నాడన్నమాట. మిగతావాళ్ళు అదీ లేదు. మేము దోమల్ని కొట్టుకుంటూ, అదిగో ఆ వచ్చే బండి మనవాళ్ళదే, కాదు, దాని వెనకది అనుకుంటూ రెండున్నర దాకా నిలబడ్డాం.

ఆ గంటన్నర పోతే ఏం పోయిందని తమరు అడగవచ్చు. ఆదివారం పొద్దున్న మేఘాలు పోయాయి స్వామీ. వంజంగిలో కొండ కింద కనపడేది నిజానికి పొగమంచు. రాత్రంతా చల్లబడ్డ బరువైన గాలి లోయలోకి దిగి, అందులో తేమ మంచుగా పేరుకుంటుంది. పైనున్న గాలి కాస్త వెచ్చగా ఉంటుంది కాబట్టి, మూత వేసినట్టు దాన్ని పైకి రానివ్వదు. మనం మూతకి పైన నిలబడతాం. ఎండ పడి నేల వేడెక్కిందా, మూతా లేదు, మేఘాల సముద్రమూ లేదు. దాని టైము దానిది. ‘ట్రై చేస్తా’ అనే ఆప్షను దాని దగ్గర లేదు.

(ఆ ‘ట్రై చేస్తా’ కనిపెట్టిన పుణ్యాత్ముడెవరో గానీ, అతనికో వేరే ఉత్తరం రాయాల్సి ఉంది.)

చోడవరం, మాడుగుల దాటి, పాడేరు ఘాట్ మలుపుల్లో మందుల షాపు కుర్రాడు తన మందులే తను మింగి, వంజంగి కిందికి చేరేసరికి బళ్ళు బారులు తీరి ఉన్నాయి. మేము పరుగులాంటి నడకతో ఎక్కుతుంటే, చూసేసినవాళ్ళు దిగుతూ ఎదురొచ్చారు. “ఇప్పుడా వస్తున్నారు?” అని ప్రతివాడూ అడిగాడు. పైకి వెళ్ళేసరికి బారెడు పొద్దెక్కింది. అక్కడక్కడా దూదిపింజల్లాంటి తెల్లటి ముక్కలు నాలుగు, వాటి మధ్య నుంచి స్పష్టంగా రోడ్డు, రోడ్డు మీద మా టెంపో. ఇంత దూరం వచ్చి మా బండినే పై నుంచి చూసుకున్నాం. పక్కన ఒక బ్లూటూత్ స్పీకరు, నెత్తిన ఎవరిదో డ్రోను, కాళ్ళ కింద చిప్స్ ప్యాకెట్లు. వాటి గురించి ఇప్పుడు మాట్లాడే ఓపిక లేదు.

సరే, పోయిందేదో పోయిందనుకుని నాలుగు ఫొటోలు గ్రూపులో పెట్టాను. అప్పుడు లేచారండీ తమరి ఓటర్లు, ఒక్కొక్కరే! ‘వావ్’. ‘లొకేషన్ పెట్టండి’. ‘నెక్స్ట్ టైమ్ పక్కా’. ఆ అయిదు నిమిషాల ఆసామి ఏం రాశాడో తమరూ చూసే ఉంటారు. ‘అయ్యో, క్లౌడ్స్ మిస్సయ్యారా? అందుకే టైముకి బయల్దేరాలి బ్రో’.

ఒరేయ్ పోలూ! నీకు గారు ఒకటి, తమరు ఒకటి! ఎవడి కోసం రా మేము ఆలస్యంగా బయల్దేరింది? రానని చెప్పు, పడుకుంటావు, మేమూ చిన్న కారు మాట్లాడుకుని పోతాం. రాననడానికి కూడా బద్ధకమేనా? పన్నెండు మంది పంచుకుంటే సినిమా టికెట్టంత పడే టెంపో అద్దె నలుగురు పంచుకునేసరికి నా నెల కరెంటు బిల్లు దాటింది. నీకు ‘వస్తా’, ‘రాను’ కాదురా పెట్టాల్సింది. ‘డబ్బులు పంపాను’ అని ఒక్క గడి పెట్టు చాలు. ఆ పచ్చగీత ఎంత పొడుగు సాగుతుందో నేనూ చూస్తాను.

ఇంకో మాట. ఒంటిగంటకి పది నిమిషాల ముందే వచ్చి నిలబడ్డ ఆ పెద్దాయన నీకు ఓటే వెయ్యలేదు. దిగేటప్పుడు అడిగితే, “అది నొక్కడం నాకు చేతకాదు బాబూ. టైము రాసుంది కదా, వచ్చేశాను” అన్నాడు. మోకాలి పట్టీతో మా ముగ్గురికంటే ముందు కొండెక్కింది కూడా ఆయనే. ఫ్లాస్కులో కాఫీ మూతలో పోసి వంతులవారీగా తాగించాడు. పాడేరు దగ్గర రోడ్డు పక్కన బొంగు చికెన్ కాలుతుంటే, నిప్పుల మీద నుంచి తీసిన బొంగుని కత్తితో నిలువునా చీల్చినప్పుడు వచ్చిన ఆ ఆవిరికి కాకినాడ అమ్మాయి కళ్ళద్దాలు మసకబారిపోయాయి. “మేఘాలు కావాలన్నారుగా, ఇవిగో” అన్నాడు మందుల షాపు కుర్రాడు. అప్పుడు నవ్వడం మొదలుపెట్టినవాళ్ళం చోడవరం దాకా ఆపలేదు. వచ్చే వారం పెద్దాయన ఇంట్లో భోజనానికి పిలిచాడు. ఫోన్ చేసి పిలిచాడు, పోల్ పెట్టలేదు.

నీ వల్లే వీళ్ళు దొరికారని మురిసిపోకు. కొంచెం నీ వల్లే. కాదనను.

తిరుగు దారిలో మాడుగులలో ఆగి హల్వా కొన్నాం. నెయ్యి ఓడుతూ, జీడిపప్పులతో, కాగితం డబ్బా అడుగున అప్పుడే నూనె మరక తేలింది. ఆ ఫొటో గ్రూపులో పెట్టడం కుర్రాడి పని, నేను వద్దనే అన్నాను. ఇంటికొచ్చి చూస్తే కొత్త పోల్: ‘హల్వా ఎవరెవరికి కావాలి?’ ఈసారి ఓట్లు పన్నెండు దాటాయి. గడ్డపాయన కూడా నొక్కాడు, వాళ్ళమ్మగారు ఒప్పుకున్నట్టున్నారు. డబ్బా నా దగ్గరే ఉంది. కావలసినవాళ్ళని రాత్రి ఒంటిగంటకి ఎన్ఏడీ ఫ్లైఓవర్ కిందికి రమ్మను.

ఇట్లు,
పిక్కలు పట్టేసిన నీ ఓటరు